పిల్లల అలవాట్లు మార్చాలంటే: బహుమతి ఎంత, ఎప్పుడు, శిక్ష ఎక్కడి వరకు

అలిపిరి మెట్లదారిలో కోతి ఎవరి మీదికి దూకుతుందో గమనించండి. చేతిలో ప్లాస్టిక్ కవరు ఊపుకుంటూ నడిచేవాళ్ల మీదికే. కవరు లాగితే పండో బిస్కెట్ ప్యాకెట్టో దొరుకుతుందని దానికి ఎవరూ పాఠం చెప్పలేదు. లాగింది, దొరికింది, మళ్లీ లాగింది. అదే నిమిషంలో కవరు పట్టుకున్న మనిషీ ఒకటి నేర్చుకుంటాడు: అరటిపండు విసిరేస్తే కోతి పక్కకు పోతుంది. పండు దొరికినందుకు కోతి, పీడ వదిలినందుకు మనిషి, ఇద్దరూ రేపు కూడా అదే పని చేస్తారు. ఫోను కోసం ఏడ్చే పిల్లవాడికీ, ఆ ఏడుపు భరించలేక ఫోను చేతిలో పెట్టే పెద్దవాళ్లకీ మధ్య నడిచే వ్యవహారం కూడా ఇదే.

నాలుగు నుంచి పన్నెండేళ్ల పిల్లలున్న ఇళ్లలో బహుమతినీ శిక్షనీ పద్ధతిగా ఎలా వాడాలో, ఎక్కడ తప్పుతుందో కింద వివరంగా ఉంది. అంతకన్నా చిన్నపిల్లలకు, చింతగింజలు కూడబెట్టి బహుమతి కొనుక్కునే లెక్కలు పనికిరావు. పెద్దపిల్లలైతే కూర్చోబెట్టి మాట్లాడి ఒప్పందానికి రావాలి.

తిట్టు కూడా బహుమతి కావచ్చు

1898లో అమెరికా మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ ఆకలిగా ఉన్న పిల్లిని పెట్టెలో మూసి, బయట తిండి పెట్టాడు. లోపలున్న తాడునో మీటనో కదిలిస్తే తలుపు తెరుచుకుంటుంది. మొదట్లో గీకి, కొరికి, అటూ ఇటూ దూకి బయటపడటానికి పిల్లికి నిమిషాలు పట్టింది. పోనుపోను సెకన్లలో వచ్చేసింది. మంచి ఫలితం వచ్చిన పని నిలబడుతుంది, రానిది రాలిపోతుంది. దీన్నే ఆయన ఫలిత నియమం అన్నాడు. 1938లో మరో మనస్తత్వవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పుస్తకం వచ్చేసరికి అది కార్యసాధక నిబంధనగా, అంటే పని వెంట వచ్చే ఫలితమే ఆ పనిని పెంచడమో తగ్గించడమో చేస్తుందన్న సిద్ధాంతంగా స్థిరపడింది. టెట్, డీఎస్సీకి చదివినవాళ్లకు ఇవన్నీ కంఠతా వచ్చు. ఇంటికొచ్చి సొంత పిల్లల దగ్గర వాడేటప్పుడే తడబడతారు.

తడబాటు ఎక్కడంటే, మనం ఏ ఉద్దేశంతో ఇచ్చామన్నదాన్ని బట్టి బహుమతి, శిక్ష అని పేర్లు పెడతాం. లెక్క అలా ఉండదు. ఒక పని వెంటనే ఏదో జరిగింది. ఆ తర్వాతి రోజుల్లో ఆ పని పెరిగిందా? అయితే జరిగింది పునర్బలనం. తగ్గిందా? అయితే దండన. సాయంత్రమంతా ఫోనులో తల దూర్చుకున్న నాన్న, పెద్దోడు చెల్లెల్ని గిల్లినప్పుడు మాత్రమే తలెత్తి "రేయ్, ఏంరా అది!" అని అరుస్తాడు. ఆయన దృష్టిలో అది శిక్ష. వాడికి ఆ పూట నాన్న తనవైపు చూసిన ఒకే ఒక్క క్షణం అది. వారం గడిచేసరికి గిల్లడం పెరిగిందంటే, ఆ అరుపు బహుమతిగా పనిచేసినట్టే.

ఇంకో చిక్కు కూడా ఇక్కడే తేల్చుకుందాం. రుణాత్మక పునర్బలనం అంటే శిక్ష అని రాసి మార్కు పోగొట్టుకునేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. పునర్బలనం ఏదైనా పనిని పెంచుతుంది. ఇష్టమైనది ఇచ్చి పెంచితే ధనాత్మకం, ఇబ్బందిని తీసేసి పెంచితే రుణాత్మకం. సీటు బెల్టు పెట్టుకోగానే కారులో గోల ఆగిపోతుంది, అందుకే రేపు త్వరగా పెట్టుకుంటాం. దండన ఏదైనా పనిని తగ్గిస్తుంది. అది చెడ్డది ఎదురవడం వల్ల కావచ్చు, ఉన్న మంచిది పోవడం వల్ల కావచ్చు.

ముందు ఒక్క పని, వారం రోజుల లెక్క

"బుద్ధిగా ఉండాలి", "చెప్పిన మాట వినాలి" లాంటివి పట్టికలో రాయకండి. అవి కంటికి కనబడవు, లెక్కకు రావు. ఇద్దరు పెద్దవాళ్లు వేర్వేరుగా చూసినా "అవును, చేశాడు" అని ఒకే మాట అనగలిగేలా పని ఉండాలి. "బడి నుంచి రాగానే బూట్లు స్టాండులో పెట్టాలి." "సాయంత్రం ఆరున్నరకు పుస్తకం తెరిచి, లేవకుండా పదిహేను నిమిషాలు కూర్చోవాలి." ఒకేసారి ఒకటి, మహా అయితే రెండు. ఐదు పెడితే మూడో రోజుకే పిల్లలకన్నా ముందు పెద్దవాళ్లు చేతులెత్తేస్తారు.

తర్వాత ఏడు రోజులు ఏమీ మార్చకుండా రాసుకోవడమే పని. గోడకున్న క్యాలెండరులో ఆ తేదీ గడి చాలు. అయితే ఎన్నిసార్లు జరిగింది అన్నదొక్కటే సరిపోదు. ముందు ఏం జరిగింది, పిల్లవాడు ఏం చేశాడు, వెంటనే ఏం జరిగింది అని మూడూ గడియారం చూసి రాయాలి. ఏడేళ్ల పిల్లవాడున్న ఇంట్లో ఒక సాయంత్రం అలా రాస్తే ఎలా ఉంటుందో చూడండి:

6:40 వాడు పుస్తకం ముందున్నాడు, అమ్మ వంటింట్లో ఉంది. 6:42 "అమ్మా, ఫోనియ్యి" అన్నాడు. "హోంవర్క్ అయినాకే" అంది అమ్మ. 6:44 ఏడుపు మొదలు. 6:50 పుస్తకం విసిరాడు. 6:53 అవ్వ "ఇంగ ఏడవద్దు నాయనా, తీస్కో" అని తన ఫోను ఇచ్చింది. ఇల్లు సద్దుమణిగింది. 7:30 అన్నానికి లేచాడు, పుస్తకం విసిరిన చోటే ఉంది.

ఈ కొద్ది వాక్యాల్లో మూడు చెల్లింపులున్నాయి. తొమ్మిది నిమిషాల ఏడుపుకు ఫోను దొరికింది. పుస్తకం విసిరినందుకు హోంవర్క్ తప్పిపోయింది. ఏడుపు ఆగినందుకు అవ్వకు హాయి దొరికింది కాబట్టి ఆమె కూడా రేపు ఇదే చేస్తుంది. అమ్మ "అయినాకే" అన్న మాటకు మాత్రం ఏ విలువా మిగల్లేదు. ఇలాంటివి నాలుగైదు రాసుకుంటే ఏం మార్చాలో కాగితమే చెబుతుంది. ఈ వారాన్ని ఎగ్గొట్టి నేరుగా బహుమతుల్లోకి దూకితే, రెండు వారాల తర్వాత ఫలితం వచ్చిందో రాలేదో చెప్పడానికి ఆధారం ఉండదు.

బహుమతి ఎంపిక

పిల్లవాడికి ఏది ఇష్టమో అడక్కండి, ఖాళీ దొరికితే ఏం చేస్తాడో చూడండి. తనంతట తాను ఎక్కువగా చేసే పనిని, తక్కువగా చేసే పనికి బహుమతిగా పెట్టొచ్చని డేవిడ్ ప్రీమాక్ 1959లో చూపించాడు. మేడమీద గాలిపటం, వీధిలో క్రికెట్, తాతతో బండి మీద టీ అంగడి దాకా ఒక రౌండు, ఇవన్నీ కొనకుండా దొరికే బహుమతులే. వరుస తలకిందులు కాకుండా చూసుకోవాలి. "ముందు పది నిమిషాలు ఆడుకో, తర్వాత ఎక్కాలు" అంటే ఎక్కాలకు ఏమీ ముట్టనట్టే.

కొలత చిన్నగా ఉండాలి. వేరుశనగ ఉండలో పావు ముక్క, గుప్పెడు బొరుగులు, పది నిమిషాల ఆట చాలు. ఉండ మొత్తం ఇస్తే రెండోసారికి కడుపు నిండి ఆశ చస్తుంది. తిండిని ఎక్కువగా వాడటం మంచిది కాదు. భోజనాన్ని, పాలను, నిద్రను మాత్రం ఎప్పుడూ పందెం పెట్టకూడదు. తిరుపతి ఇళ్లలో ఇంకోటి కూడా గుర్తుంచుకోవాలి: లడ్డూని బహుమతి పట్టికలో రాయకండి. ప్రసాదం ఇంటికొస్తే అందరికీ పంచాల్సిందే, చేయలేదని ఒక్కడికి ఆపడం పెద్దవాళ్లు ఒప్పుకోరు. మీరు ఆపలేనిదాన్ని బహుమతిగా ప్రకటిస్తే మొదటి రోజే మాట పోతుంది. పక్కగదిలో మామ ఫోను ఎప్పుడంటే అప్పుడు దొరికే ఇంట్లో "పది నిమిషాల ఫోను" బహుమతి చెల్లకపోవడానికీ ఇదే కారణం.

ఇచ్చే సమయం ఎంత ఇస్తున్నామన్నదానికన్నా ముఖ్యం. నాలుగైదేళ్ల పిల్లలకు పని అయిన కొన్ని సెకన్లలో ముట్టాలి. ఆలస్యమైతే మధ్యలో జరిగిన ఇంకేదో పనికి ఆ బహుమతి అంటుకుంటుంది. 1948లో స్కిన్నర్ పావురాలకు, అవి ఏం చేసినా చేయకపోయినా, గడియారం ప్రకారం గింజలు పడేలా పెట్టాడు. గింజ పడ్డ క్షణంలో ఏది ఏం చేస్తోందో దానికే అలవాటు పడింది. ఒకటి గుండ్రంగా తిరగడం, ఇంకోటి తల మూలకు విసరడం. బూట్లు సర్దిన అరగంటకు, వాడు సోఫా మీద గెంతుతుండగా చాక్లెట్ ఇస్తే ముట్టింది గెంతుడుకే.

ఇచ్చేటప్పుడు పని పేరు పెట్టి చెప్పాలి. "నా బంగారం" అంటే పిల్లకు సంతోషమే, ఎందుకన్నారో తెలియదు. "చెప్పకుండానే బూట్లు స్టాండులో పెట్టినావే, ఇదిగో" అంటే తెలుస్తుంది. పొగడ్తకు తోక తగిలించకండి. "ఈరోజు బాగా కూర్చున్నావు, రోజూ ఇట్లా కూర్చోవడానికి ఏమైంది?" అన్నారంటే ఆ పొగడ్త శిక్షగా మారిపోయింది.

మెట్టు మెట్టుగా పెంచడం, ఆ తర్వాత పలచన చేయడం

వారం లెక్కలో పిల్లవాడు సగటున నాలుగు నిమిషాలే కూర్చుంటున్నాడని తేలితే, పదిహేను నిమిషాలకు బహుమతి పెట్టడం వృథా. వాడికి అది ఎప్పటికీ అందదు. మొదటి మెట్టు ఐదు నిమిషాలు. టైమర్ పెట్టి, ఐదు కాగానే బహుమతి. వరుసగా మూడు రోజులు అందుకుంటే ఏడుకు, ఆపైన పదికి, పన్నెండుకు, పదిహేనుకు పోవాలి. ఏ మెట్టు దగ్గరైనా రెండు రోజులు వరుసగా తప్పితే కింది మెట్టుకు దిగి, అక్కడ రెండు రోజులు గెలవనిచ్చి మళ్లీ ఎక్కించాలి. దిగడాన్ని ఓటమిగా చెప్పకూడదు, అసలు చెప్పనే అక్కర్లేదు. టైమర్ తగ్గించి పెడితే చాలు.

కొత్త పనికి మొదటి పది, పదిహేను రోజులు చేసిన ప్రతిసారీ ముట్టాలి. పని నిలబడ్డాక అలాగే కొనసాగిస్తే మాత్రం ఇబ్బంది. రోజూ ఇచ్చి ఒకరోజు ఆపితే పిల్లవాడు ఆ తేడాను వెంటనే పసిగట్టి మానేస్తాడు. అందుకని మెల్లగా పలచన చేయాలి. మూడింటిలో రెండుసార్లు, తర్వాత రెండింటిలో ఒకసారి, తర్వాత ఎప్పుడొస్తుందో తెలియకుండా. ఫెర్‌స్టర్, స్కిన్నర్ 1957లో అచ్చువేసిన పెద్ద పుస్తకం నిండా ఇలాంటి వరుసల గ్రాఫులే. ఎన్నిసార్లకు ముడుతుందో ముందే తెలియని వరుసలో పని ఆగకుండా సాగుతుంది. జూద యంత్రాలు నడిచేది దాని మీదే. నిర్ణీత గడువుకు ఒక్కసారి ముట్టే వరుసలో గడువు దగ్గరపడ్డాకే పని ఊపందుకుంటుంది, ముట్టగానే చల్లబడుతుంది. క్వార్టర్లీకి వారం ముందు పుస్తకం పట్టి, పరీక్షలయ్యాక దాన్ని అటకెక్కించే పిల్లలందరూ ఈ గ్రాఫులో ఉన్నవాళ్లే. "ఫస్టు ర్యాంకు వస్తే సైకిల్" అనే ఒప్పందం పనిచేయకపోవడానికీ కారణం ఇదే. బహుమతి పెద్దది, దూరం చాలా ఎక్కువ, మధ్యలో ఏమీ లేదు.

చింతగింజల ఖాతా

ఆరేళ్లు దాటినవాళ్లకు చేతికందే వస్తువును వెంటనే ఇచ్చి, అసలు బహుమతిని తర్వాత కొనుక్కోనివ్వొచ్చు. దీన్ని మొదట పద్ధతిగా నడిపింది అమెరికాలోని ఒక మానసిక చికిత్సాలయంలో, 1960లలో, అయ్లాన్, అజ్రిన్ అనే ఇద్దరు. ఇంట్లో దీనికి ఒక గాజు సీసా, యాభై చింతగింజలు చాలు. స్టిక్కర్లకన్నా గింజలే నయం, సీసాలో పడ్డప్పుడు చప్పుడవుతుంది, మట్టం పైకి రావడం కనిపిస్తుంది. మూడేళ్లలోపు తమ్ముడో చెల్లెలో ఇంట్లో ఉంటే మాత్రం గింజలు వద్దు, నోట్లోనో ముక్కులోనో పెట్టుకుంటారు. పెద్ద అట్టముక్కలు కత్తిరించుకోండి.

ధరలు మూడు స్థాయిల్లో పెట్టాలి. మూడు గింజలకు అదే రోజు దొరికేది ఒకటి, అంటే పది నిమిషాలు ఎక్కువ ఆట, రాత్రికి ఇష్టమైన కథ. పన్నెండుకు వారంలో అందేది, అంటే వీధి చివర ఐస్, తనకు నచ్చిన కూర. ముప్పైకి ఆదివారం జూపార్కో, చంద్రగిరి కోటో. రోజుకు మూడు నాలుగు గింజలు సంపాదించే వీలుండాలి. మొదటి రోజే మూడు గింజల వస్తువు కొనిపించాలి, లేదంటే ఆ సీసా పిల్లవాడికి ఉత్త సీసాగానే ఉంటుంది.

ఈ ఖాతాను చెడగొట్టేది ఎక్కువగా పెద్దవాళ్లే. అప్పు ఇస్తారు: "సరే, ఈరోజు ఐస్ తిను, రేపు గింజ ఇద్దువులే." తిన్నాక రేపు పని జరగదు. ధర పెంచుతారు: ముప్పైకి దగ్గరపడగానే "నలభై చేద్దాం" అంటారు. పెద్దల మాట మీద నమ్మకం పోవడానికి ఇది ఒక్కసారి చాలు. అడిగితే ఇస్తారు: "నేను కూర్చున్నా కదా, గింజ ఇయ్యి" అన్నప్పుడల్లా ఇస్తే పెరిగేది అడగడం. ఇద్దరు పిల్లలుంటే రెండు సీసాలు, వేర్వేరు పనులు. ఒకరి గింజలతో ఇంకొకరిని పోల్చడం మొదలైతే సీసాలు ఎత్తిపెట్టడమే మేలు.

ఏడుపుకు చెల్లింపు ఆపేటప్పుడు

అంతవరకు ముడుతున్నది ముట్టకుండా పోతే ఆ పని క్రమంగా ఆరిపోతుంది. పుస్తకాల్లో దీని పేరు విరమణ. సి.డి. విలియమ్స్ 1959లో రాసిన ఒక పసివాడి ఉదంతం దీనికి బాగా పనికొస్తుంది. ఇరవై ఒక్క నెలల వాడు. పుట్టినప్పటి నుంచీ ఏడాదిన్నర పాటు జబ్బుతో ఉన్నాడు. జబ్బు నయమైనా, రాత్రి నిద్రపోయేదాకా ఎవరైనా గదిలో ఉండాల్సిందే, లేస్తే ఏడుపే. పెద్దవాళ్లకు రోజూ అరగంట నుంచి రెండు గంటలు పట్టేది. వాడికి ఒంట్లో ఏ ఇబ్బందీ లేదని రూఢి చేసుకున్నాక, ముద్దుచేసి పడుకోబెట్టి, తలుపు వేసి, మళ్లీ లోపలికి పోలేదు. మొదటి రాత్రి 45 నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి ఏడుపే లేదు. వారం తర్వాత వాళ్ల పెద్దమ్మో పిన్నో అత్తో పడుకోబెట్టిన రాత్రి మళ్లీ ఏడ్చాడు, ఆమె తిరిగి గదిలోకి పోయింది. అంతే, కథ మొదటికొచ్చింది. రెండోసారి మొత్తం మళ్లీ చేయాల్సి వచ్చింది.

ఇందులో రెండు పాఠాలున్నాయి. చెల్లింపు ఆపగానే ఏడుపు ముందు పెరగొచ్చు. మామూలుగా తొమ్మిది నిమిషాలైతే ఇరవై కావచ్చు, కొత్తగా తలుపు తన్నడం కూడా రావచ్చు. పద్ధతి పనిచేస్తోందనడానికి అది గుర్తు, కానీ ఎక్కువ ఇళ్లు సరిగ్గా ఆ రాత్రే లొంగిపోతాయి. లొంగితే ఇరవయ్యో నిమిషం ఏడుపుకు చెల్లించినట్టు. రెండోది, అప్పుడప్పుడు ముట్టే అలవాటు, ప్రతిసారీ ముట్టే అలవాటుకన్నా మొండిది. ఇది 1939లోనే హంఫ్రీస్ ప్రయోగాల్లో తేలింది. నాలుగు రోజులు ఆపి ఐదో రోజు ఇవ్వడం కన్నా, ఆపే ఓపిక లేనప్పుడు మొదటి నిమిషంలోనే ఇచ్చేయడం నయం.

అందుకే ఉమ్మడి ఇంట్లో మొదలుపెట్టే ముందు అవ్వాతాతలతో మాట్లాడాలి. "అత్తా, మీరే వాణ్ని చెడగొడతాండారు" అని మొదలుపెడితే ఆ మాట అక్కడితో తెగుతుంది. ఎక్కువగా పనిచేసేది వేరే దారి: గింజలు ఇచ్చే పని అవ్వ చేతికే అప్పగించడం. "అత్తా, వాడు కూర్చుంటే గింజ మీరే వేయండి, ఏడిస్తే మాత్రం మీ ఫోను నా దగ్గర పెట్టండి." పిల్లవాడికి మంచి జరిగేది తన చేతి మీదుగానే అయితే, ఏడుపు ఆపడానికి ఫోను ఇవ్వాల్సిన అవసరం ఆమెకు తగ్గుతుంది.

పట్టించుకోకపోవడం అన్నిటికీ కుదరదు. రోడ్డు మీదికి పరుగు, పొయ్యి దగ్గర ఆట, తమ్ముణ్ని కొట్టడం, వీటిని వెంటనే ఆపాల్సిందే. కొత్తగా, ఉన్నట్టుండి మొదలైన ఏడుపుకు ముందు జ్వరం, చెవినొప్పి, బడిలో భయం ఉన్నాయేమో చూడాలి. ఇంకోటి, ఏడుపుకు ఆపినదాన్ని మంచిగా అడిగినప్పుడు ఇవ్వాలి. "అమ్మా, హోంవర్క్ అయింది, పది నిమిషాలు ఫోను ఇస్తావా?" అన్న మాటకు వెంటనే ఫోను దొరికితే ఏడవాల్సిన పని వాడికి ఉండదు.

శిక్ష

దెబ్బ పనిచేయదనే మాట నిజం కాదు. ఆ క్షణానికి పనిచేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. కొట్టగానే గొడవ ఆగుతుంది, ఆ నిశ్శబ్దం కొట్టినవాళ్లకు బహుమతి. అందుకే మనకు చెయ్యి లేవడం త్వరగా అలవాటవుతుంది. పిల్లవాడి వైపు నుంచి చూస్తే దండన నిలబడాలంటే వెంటనే పడాలి, ప్రతిసారీ పడాలి, మొదటిసారే గట్టిగా పడాలి. మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోతే దానికి అలవాటు పడతారు. జంతువుల మీది ప్రయోగాలన్నిటినీ కూడగట్టి అజ్రిన్, హోల్జ్ 1966లో రాసిన సారాంశం ఇది. ఈ మూడు షరతులూ ఏ ఇంట్లోనూ కుదరవు, కుదిరేంత గట్టిగా కొట్టడం నేరమే అవుతుంది. పైగా దండన ఏం చేయకూడదో చెబుతుంది, ఏం చేయాలో చెప్పదు. భయం ఆ పని మీదకన్నా కొట్టిన మనిషి మీదికి మళ్లుతుంది, కాబట్టి నాన్న ఇంట్లో లేనప్పుడు ఆ పని మామూలే, అబద్ధం దానికి తోడవుతుంది. తప్పించుకునే దారే లేని బాధకు గురైన కుక్కలు, తర్వాత దారి తెరిచినా కదలకుండా కూర్చున్నాయని సెలిగ్మన్, మైయర్ 1967లో రాశారు. ఏం చేసినా తిట్లే అని తేల్చుకున్న పిల్లలు లెక్కల నోటు తెరవకపోవడానికి బద్ధకమే కారణమనుకోవద్దు. బడిలో అయితే కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది.

కొట్టకుండా తగ్గించడానికి మూడు పద్ధతులున్నాయి. మొదటిది పక్కన కూర్చోబెట్టడం, మూడు నుంచి ఎనిమిదేళ్ల వాళ్లకు. వయసెంతో అన్ని నిమిషాలు, ఐదు దాటొద్దు. పెద్దవాళ్ల కళ్లెదుటే, టీవీ కనబడని చోట ఒక కుర్చీ. బాత్రూంలో పెట్టి తలుపేయడం, చీకటి గది, ఇంటి బయట నిలబెట్టడం కూడదు. చెప్పేది ఒక్క మాటే: "చెల్లెల్ని కొట్టినావు, ఐదు నిమిషాలు ఇక్కడ." ఉపన్యాసం ఇస్తే అది మళ్లీ శ్రద్ధే. టైమర్ మోగాక కోపం అక్కడితో సరి, ఆపిన పనిలోకి తిరిగి రావాలి. తప్పంతా ఈ చివరి భాగంలో జరుగుతుంది. హోంవర్క్ దగ్గర గోల చేసినవాణ్ని కుర్చీలో కూర్చోబెట్టి, ఆ తర్వాత హోంవర్క్ సంగతి మరిచిపోతే ఆ ఐదు నిమిషాలు వాడికి సెలవు. రేపు ఇంకాస్త ముందే గోల చేస్తాడు. చదువు తప్పించుకోవడానికి చేసే అల్లరికి ఈ పద్ధతిని అసలు వాడకపోవడమే మంచిది. కూర్చోవాల్సిన నిమిషాల మెట్టును చిన్నది చేయండి, అంతే.

రెండోది గింజ వెనక్కి తీసుకోవడం. ముందే చెప్పిన తప్పుకు, ముందే చెప్పినన్ని, మామూలుగా ఒకటి. ఒక గింజ పోయే ఇంట్లో కనీసం నాలుగు వచ్చే దారి ఉండాలి. సీసా ఖాళీ అయితే ఆగిపోవాలి, బాకీ రాయకూడదు. మూడోది చేసినదాన్ని సరిచేయించడం. పారబోస్తే తుడవడం, విసిరిన పుస్తకానికి అట్ట వేయడం. దీనికి కోపం అక్కర్లేదు, బట్ట అందిస్తే చాలు. ఎక్కాలు పదిసార్లు రాయమని శిక్ష వేయడం మాత్రం మానేయాలి. దాంతో ఎక్కాలంటేనే పగ పుడుతుంది.

ఇష్టంగా చేసేదానికి ధర కట్టొద్దు

1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ బొమ్మలేయడం ఇష్టమున్న చిన్నపిల్లలను మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు బొమ్మ వేస్తే రిబ్బను కట్టిన పత్రం ఇస్తామని ముందే చెప్పారు. ఇంకో జట్టుకు చెప్పకుండా ఇచ్చారు. మూడో జట్టుకు ఏమీ లేదు. కొన్నాళ్లకు, ఏ బహుమతీ లేని మామూలు ఆట సమయంలో చూస్తే, ముందే మాట తీసుకున్న జట్టు బొమ్మల మీద గడిపిన సమయం మిగతావాళ్లలో దాదాపు సగమే. కాబట్టి మీ అమ్మాయి తనంతట తాను కథలు చదువుతుంటే పేజీకింత అని గింజలు వేయకండి. గింజలు వారం లెక్కలో అట్టడుగున ఉన్న పనులకే. ఇష్టమున్న పనికి అనుకోకుండా ఒక మెచ్చుకోలు చాలు.

అంకె కదలకపోతే

రెండు వారాల తర్వాత మొదటి వారం లెక్కతో పోల్చండి. రోజుకు రెండుసార్లున్న గొడవ ఒకటికి దిగితే సాగించండి. కదలకపోతే పిల్లవాడి మొండితనం అనుకోకుండా నాలుగు చోట్ల వెతకాలి. బహుమతి ఇంకెక్కడైనా ఉచితంగా దొరుకుతోందా? మొదటి మెట్టు ఎత్తుగా ఉందా? ముట్టడం ఆలస్యమవుతోందా? ఇంట్లో ఎవరో ఒకరు చాటుగా పాత చెల్లింపు కొనసాగిస్తున్నారా? ఎక్కువసార్లు దొరికేది నాలుగోదే.

ఈ నాలుగూ సరిగ్గా ఉండి కూడా చదువు దగ్గరే ఆగిపోతుంటే కళ్లు, చెవులు పరీక్ష చేయించండి. అక్షరాలు తారుమారుగా చదవడం, నిమిషం కూడా ఒకచోట నిలవలేకపోవడం, ఐదేళ్లు దాటినా పక్క తడపడం లాంటివాటికి గింజలూ కుర్చీలూ మందు కాదు. పిల్లల డాక్టరుకో, పెద్దాసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలోనో చూపించాలి. పక్క తడిపినందుకు ఏ శిక్షా వేయకూడదు, అది వాడి చేతిలో ఉన్న పని కాదు.

అంకె బాగా దిగాక కూడా వేసవి సెలవులకు ఊరెళ్లి వచ్చిన వారంలో పాత ఏడుపు ఒకటి రెండుసార్లు తొంగిచూస్తుంది. పుస్తకాల్లో అయత్నసిద్ధ స్వాస్థ్యం అనేది ఇదే. మొత్తం మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. నాలుగైదు రోజులు మళ్లీ చేసిన ప్రతిసారీ గింజ వేసి, ఏడుపుకు ఏమీ ముట్టకుండా చూసి, తిరిగి పలచన చేసుకుంటూ పోవాలి. నెల రోజులు గింజ అడక్కుండానే పని జరుగుతుంటే ఆ పనిని పట్టికలోంచి కొట్టేసి, సీసాను ఇంకో పనికి వాడుకోవచ్చు.